రొయ్యల పచ్చడి సీసా మీద మాట ఎవరిది?

పాలకొల్లు పక్కన పల్లెలో ఉండే మా మేనత్త రొయ్యల పచ్చడి పెడితే వీధి చివరిదాకా వాసన వస్తుంది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు వెళ్లేటప్పుడు తలా ఒక సీసా సంచిలో పెట్టుకునేవారు. తరవాత ఆ చుట్టాల ఆఫీసుల్లో వాళ్లు డబ్బులిచ్చి తెప్పించుకోవడం మొదలైంది. హైదరాబాద్‌కి, బెంగళూరుకి పార్సిళ్లు వెళ్తున్నాయి. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, సీసా మీద ఏదో నంబరు ఉండాలంటున్నార్రా, కాస్త చూసిపెట్టు" అంది.

నంబరు తీసుకోవడం పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా లేబుల్ దగ్గర వచ్చింది. టౌన్లో ఒక ప్రింటింగ్ షాపులో 500 లేబుళ్లు వేయించాం. ముందువైపు రొయ్యల బొమ్మ, పచ్చడి పేరు అందంగా ఉన్నాయి. వెనక్కి తిప్పితే పదార్థాల చోట మొదటి మాట ‘నిమ్మకాయలు’. మూలన ఆకుపచ్చ చుక్క. అంతకుముందు ఎవరికో వేసిన నిమ్మకాయ పచ్చడి లేబుల్ తీసుకుని, పైన పేరు మాత్రం మార్చి మాకిచ్చారు. పోషక విలువల పట్టిక కూడా ఆ నిమ్మకాయ పచ్చడిదే. అడిగితే, "అందరికీ అలాగే వేస్తామండీ, వెనకాల ఎవరు చదువుతారు?" అన్నాడు షాపతను.

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. నేను లేబుల్ మొత్తం చదివి వినిపించాక ఆవిడ అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "రొయ్యలు పడనివాళ్లు ఎవరైనా తింటే ఎలారా?"

అప్పటిదాకా నేను లేబుల్‌ని ఒక రూలుగా చూశాను. ఆవిడ దాన్ని తినేవాళ్లతో మాట్లాడటంగా చూసింది. చట్టం చదివిన కొద్దీ ఆవిడ చూపే సరైనదని నాకు అర్థమైంది.

గోదావరి జిల్లాల్లో తిండి వస్తువు మనిషిని చూసి కొనేవాళ్లం. పాలు పోసే ఆవిడ, గానుగ ఆడించే ఆయన, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడ, వీళ్ల ముఖమే పూచీ. తేడా వస్తే మర్నాడు వీధిలో నిలబెట్టి అడగొచ్చు. సీసా ఊరు దాటితే ఆ ముఖం వెంట వెళ్లదు. దాని బదులు వెళ్లేది లేబుల్. చాలామంది దాన్ని ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ అనుకుంటారు గానీ, అది తయారుచేసినవాళ్లు రాసిచ్చిన మాట. ఏయే విషయాల మీద మాట ఇవ్వాలో చట్టం చెప్తుంది, ఇచ్చిన మాట తప్పితే పట్టుకుంటుంది. మధ్యలో ప్రతి సీసా రుచి చూసి ముద్ర వేసే అధికారి ఎవరూ లేరు.

ఒకే ప్యాకెట్ మీద రెండు చట్టాల రాతలు కలిసి ఉంటాయి. ఎమ్మార్పీ, నికర బరువు, ఫిర్యాదుకి ఫోన్ నంబరు లాంటివి తూనికలు కొలతల చట్టం కింద వస్తాయి. అది 2009 నాటి చట్టం, ప్యాకెట్ల నియమాలు 2011వి. పదార్థాలు, పోషకాలు, వెజ్ నాన్‌వెజ్ గుర్తు, గడువు తేదీ, లైసెన్సు నంబరు మాత్రం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందివి. అరకిలో అని రాసి 450 గ్రాములు పోస్తే ఒక శాఖ, అందులో పురుగు వస్తే ఇంకో శాఖ. ఈ తేడా తెలియక ఒక ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్లు ఇంకో ఆఫీసు మెట్లెక్కి విసిగిపోయి తిరిగొచ్చేస్తుంటారు.

2006కి ముందు మనకి 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ఉండేది. పండ్ల ఉత్పత్తులకి ఒకటి, పాలకి ఒకటి, మాంసానికి ఒకటి అంటూ విడివిడి ఉత్తర్వులు ఉండేవి. వాటన్నిటినీ కలిపి 2006 చట్టం తెచ్చారు. దాన్ని నడిపించే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, 2008లో ఏర్పడింది, చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది 2011 ఆగస్టు 5న. మన ఊళ్లలో ఇంకా ‘ఫుడ్ ఇన్‌స్పెక్టర్’ అంటారు. అది పాత చట్టంలో పేరు. ఇప్పుడు ఆయన ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్. లేబుల్ మీద ఏం ఉండాలన్నది 2020లో వచ్చిన లేబులింగ్ నియమాల్లో ఉంది, వాటికి సవరణలు వస్తూనే ఉన్నాయి.

ఇక ఆ నంబరు సంగతి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు కింద 14 అంకెలుంటాయి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. తరవాతి రెండు అంకెలు రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్‌కి 01, తెలంగాణకి 36. అక్కడ 00 ఉంటే కేంద్ర లైసెన్సు. ఆ పక్క రెండూ నంబరు ఇచ్చిన సంవత్సరం. 2011 నియమాలు వచ్చినప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్నవాళ్లకి రిజిస్ట్రేషన్ చాలన్నారు. దాని రుసుము అప్పుడు ఏడాదికి 100 రూపాయలుగా పెట్టారు. అత్తయ్య నంబరు 2తో మొదలవుతుంది.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి. ఆ నంబరు మా చేతికొచ్చేలోపు అత్తయ్య వంటింట్లోకి ఏ అధికారీ అడుగు పెట్టలేదు. చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్‌కి తనిఖీ తప్పనిసరి కాదు. అందుకని ‘ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అప్రూవ్డ్’ అని ఎవరైనా గొప్పగా చెప్తే దాని అర్థం ‘ఈ పచ్చడి మంచిదని ప్రభుత్వం చెప్పింది’ అని కాదు. ‘ఈ పచ్చడి ఎవరు పెట్టారో, ఎక్కడ పెట్టారో ప్రభుత్వానికి తెలుసు’ అని. ఇది తక్కువేం కాదు. రేపు ఎవరికైనా వాంతులైతే ఎవరి తలుపు తట్టాలో ఆ నంబరు చెప్తుంది. ఫాస్‌కాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ 14 అంకెలు కొడితే పేరు, చిరునామా వస్తాయి. అక్కడ ఏమీ రాకపోయినా, సీసా మీద ఒక పేరు, అక్కడ ఇంకో పేరు వచ్చినా ఆ సీసా కొనక్కర్లేదు.

మా లేబుల్ మీద పడిన ఆకుపచ్చ చుక్క అన్నిటికంటే కంటికి కనపడే తప్పు. చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి మొదట్లో గోధుమరంగు చుక్క ఉండేది, 2020 నియమాల్లో దాన్ని త్రిభుజం చేశారు. రంగుల తేడా కనపడనివాళ్లకి రెండు చుక్కలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆకారం మార్చారు. మంచి మార్పు. గుడ్డు ఉన్న కేకుకి కూడా త్రిభుజమే. పాలు, నెయ్యి, తేనె మాత్రం ఆకుపచ్చ చుక్కలోకే వస్తాయి.

పదార్థాల చిట్టా దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే లేబుల్‌లో నిజం ఎక్కువగా దాగేది అక్కడే. నియమం చాలా చిన్నది: తయారీలో ఏది ఎక్కువ బరువు వేస్తే అది ముందు రాయాలి. బాదం పాల పొడి డబ్బా మీద బాదంపప్పులు దోసిళ్లకొద్దీ కనిపిస్తాయి. వెనక మొదటి మాట పంచదార అయితే ఆ డబ్బాలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది పంచదారే. బొమ్మతోనో మాటతోనో ఒక పదార్థాన్ని గొప్పగా చూపిస్తే అది ఎంత శాతం ఉందో కూడా వెయ్యాలి. ఆ శాతం పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. పంచదారకి మారుపేర్లు కూడా ఉన్నాయి. లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోస్, ఇన్‌వర్ట్ సిరప్ అని మూడు ముక్కలు చేసి రాస్తే ఒక్కొక్కటీ చిట్టాలో కిందికి దిగిపోతుంది. అప్పుడు పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ వరస చూడాలి. అక్కడ అన్నీ కలిపి ఒకే అంకె ఉంటుంది.

నూనె విషయంలో కూడా అంతే. ఉత్తి ‘వంటనూనె’ అంటే సరిపోదు, ఏ నూనో చెప్పాలి. కారప్పూస ప్యాకెట్ మీద పామోలిన్ అని ఉంటే అది వేరుశెనగ నూనెలో వేగింది కాదు.

చిట్టా చివర ఐఎన్‌ఎస్ నంబర్లు వస్తాయి, అంటే తిండిలో కలిపే రంగులు, నిల్వ పదార్థాల లాంటివాటికి ఇచ్చిన అంతర్జాతీయ నంబర్లు. వాటిని చూసి చాలామందికి టెన్షన్ వస్తుంది. నంబరు ఉందంటే విషం అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కూడా. 330 అంటే సిట్రిక్ యాసిడ్, నిమ్మకాయలో ఉండే పులుపే. 260 ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లోది. 322 లెసిథిన్, నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచేది. 211 సోడియం బెంజోయేట్, పచ్చళ్లు, షర్బత్‌లు పాడవకుండా వేస్తారు. 102, 110 పసుపు, నారింజ రంగులు. నంబరు ఉందంటే దాన్ని పరీక్షించి, ఏ తిండిలో ఎంతవరకు వెయ్యొచ్చో హద్దు పెట్టారని అర్థం. నాకు భయం వేసేది నంబరు లేని రంగు దగ్గర. తీర్థాల్లో అమ్మే పీచుమిఠాయిలో కొన్నిచోట్ల రోడమిన్-బి అనే బట్టల రంగు దొరికింది. అది ఆహారంలో వాడటానికి అనుమతి లేని రంగు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి ఆ రంగు పీచుమిఠాయిని నిషేధించాయి. ఆ ప్లాస్టిక్ సంచి మీద చదవడానికి ఒక్క అక్షరం కూడా ఉండదు.

ఇప్పుడు అత్తయ్య ప్రశ్న. ‘పడకపోవడం’ అన్న మాటలోనే మనవాళ్లకి అలర్జీ ఎప్పటినుంచో తెలుసు. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి రొయ్య పడదు. దురదతో పోతే పర్లేదు. కొందరికి గొంతు వాచి ఊపిరి అందదు, నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. అందుకే మన నియమాల్లో కొన్నిటిని విడిగా ‘ఇందులో ఇవి ఉన్నాయి’ అని రాయాలన్నారు. గ్లూటెన్ ఉన్న గోధుమ లాంటి ధాన్యాలు, రొయ్యలు పీతలు, చేప, గుడ్డు, పాలు, వేరుశెనగ, జీడిపప్పు బాదం లాంటి గింజలు, సోయా, పాడవకుండా వేసే సల్ఫైట్లు కిలోకి 10 మిల్లీగ్రాములు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అవి. మన డెల్టా వంటింటిని చూసి రాసినట్టే ఉంటుంది ఈ చిట్టా. భీమవరం చుట్టుపక్కల నుంచి వెళ్లే పచ్చళ్లలో రొయ్య, చేప ఉంటాయి. పూతరేకుల్లో నెయ్యి, జీడిపప్పు, బాదం ఉంటాయి. మా పాత లేబుల్‌లో ఇవేవీ లేవు. నిమ్మకాయ పచ్చడి అనుకుని ఎవరో ఒకరు ఒక్క ముద్ద కలుపుకుంటే జరగబోయేది ఆ షాపతనికి తట్టలేదు.

ఆవకాయ సముద్రం దాటితే సంగతి ఇంకా మారుతుంది. మన చిట్టాలో ఆవాలు లేవు, నువ్వులు లేవు. యూరప్ చిట్టాలో 14 ఉన్నాయి, అందులో ఆవాలూ నువ్వులూ రెండూ ఉన్నాయి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని తొమ్మిదో అలర్జీ పదార్థంగా చేర్చారు. ఆవపిండీ, పప్పునూనే (అంటే నువ్వుల నూనె) లేనిదే గోదావరి ఆవకాయ లేదు. అమ్మాయి అమెరికాలో ఉందని నాలుగు సీసాలు ప్యాక్ చేసి పంపడం వేరు, అక్కడి కొట్టులో అమ్మడానికి పంపడం వేరు. రెండోదానికి అక్కడి రాత కావాలి.

పోషక విలువల పట్టికలో పచ్చడికి సంబంధించి చూడాల్సింది ఒక్కటే, సోడియం. ఆ పట్టికలో ‘ఉప్పు’ అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. వంద గ్రాముల పచ్చడిలో 12 గ్రాముల ఉప్పు ఉందనుకుందాం. నిల్వ పచ్చడికి అది వింతేం కాదు. అంటే సోడియం సుమారు 4,700 మిల్లీగ్రాములు. 15 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచాడు పచ్చడి కలుపుకుంటే 700 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లినట్టు. రోజు మొత్తానికి మన నియమాలు లెక్కగా పెట్టుకున్నది 2,000. ఒక్క చెంచాతో మూడోవంతు అయిపోయింది. ఇంకా పప్పులో ఉప్పు, అప్పడం, ఎండుచేపల ఇగురు లెక్కలోకి రాలేదు. బీపీ ఉన్న ఇంట్లో ఈ అంకె చూసి సీసా దూరంగా జరిపితే మంచిదే.

ఆ పట్టికలో ‘ఒక సర్వింగ్’ దగ్గర మాత్రం కళ్లు తెరిచి చూడాలి. సర్వింగ్ ఎంతో నిర్ణయించేది తయారీదారే. చిప్స్ ప్యాకెట్‌లో 20 గ్రాముల్ని ఒక సర్వింగ్ అంటే శాతాలు చిన్నగా, ముచ్చటగా కనిపిస్తాయి. పిల్లవాడు ప్యాకెట్ మొత్తం తింటాడు గానీ తూచుకుని తినడు కదా. నేనైతే సర్వింగ్ వరస వదిలేసి 100 గ్రాముల వరసే చూస్తాను. రెండు కంపెనీలని పోల్చడానికి అదొక్కటే కుదురుతుంది. పంచదార, ఉప్పు, కొవ్వు ఎక్కువుంటే ప్యాకెట్ ముందే పెద్దగా చెప్పాలని డాక్టర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. చిలీ దేశం 2016లోనే నల్లటి అష్టభుజాలు ప్యాకెట్ ముందు వేయించింది. మన దగ్గర 2022 సెప్టెంబరులో నక్షత్రాల రేటింగ్ ముసాయిదా తెచ్చారు. దాని మీద ఎన్నో అభ్యంతరాలు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ పని మూడు నెలల్లో తేల్చమంది. నా మటుకు నాకు నక్షత్రాల కంటే హెచ్చరికే నయం. నక్షత్రం ఎన్ని తగ్గినా అది మెచ్చుకోలులాగే కనపడుతుంది.

తేదీల దగ్గరికి వద్దాం. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ రోజుదాకా రుచి, వాసన, కరకర అన్నీ చెప్పినట్టే ఉంటాయని. ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ అంటే ఆ తరవాత తినకూడదు, అమ్మనూ కూడదు. 2020 నియమాల ప్రకారం తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ తప్పనిసరి. బెస్ట్ బిఫోర్ అదనంగా వేసుకోవచ్చు.

కానీ తేదీ కింద ఇంకో వాక్యం ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ‘చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి.’ ఆ వాక్యం నిలబడితేనే ఆ తేదీ నిలబడుతుంది. మన డెల్టాలో చల్లని, పొడి ప్రదేశం ఎక్కడుంది? రోహిణి కార్తెలో కిళ్లీకొట్టు ముందు దండలా వేలాడే ప్యాకెట్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంటాయి. నూనెలో వేగిన సరుకు ఆ వేడికి తేదీ కంటే ముందే కంపు కొడుతుంది. ముసురు పట్టిన వానాకాలం మూత సరిగ్గా పడని సీసాలో బూజు పడుతుంది. ఇక గోదావరికి వరదొచ్చి లంక గ్రామాల్లో కొట్లలోకి నీళ్లు వస్తే, ఆ నీళ్లలో మునిగిన ప్యాకెట్లు ఆరబెట్టి సగం ధరకి అమ్మడం ఉంది. వాటి మీద తేదీ ఎంత దూరంలో ఉన్నా సరే, కొనకండి. కవరు అతుకుల్లోంచి ఏం లోపలికి వెళ్లిందో తేదీకి తెలియదు. పసిపిల్లల పాలపొడి అయితే మరీను.

ప్యాకెట్‌లో లేకుండా ట్రేలో పెట్టి అమ్మే మిఠాయిలకి కూడా ఎప్పటిలోగా తినాలో బోర్డు పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి రూలు ఉంది. రావులపాలెం హైవే మీద ఆగి కాజాలో పూతరేకులో కొనేవాళ్లు ఈ మాట అడగొచ్చు. "ఎప్పుడు చేసినవండీ?" అని మనవాళ్లు ఎప్పటినుంచో అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆ ప్రశ్నకి చట్టం కూడా తోడుంది.

లేబుల్ వెనకవైపు తప్పు పడితే ఒక లెక్క, ముందువైపు పేరే తప్పుదారి పట్టిస్తే ఇంకో లెక్క. ఓఆర్‌ఎస్ గొడవ అలాంటిదే. పిల్లలకి విరేచనాలైతే ఇచ్చే ఓఆర్‌ఎస్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలత పెట్టింది. లీటరు నీటిలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, వాటితోపాటు పొటాషియం, సిట్రేట్ ఉండాలి. ఓఆర్‌ఎస్ అన్న మూడు అక్షరాల్ని పేరులో కలుపుకుని, పంచదార బాగా ఎక్కువున్న పానీయాలు మందుల షాపుల్లోనే అట్టపెట్టెల్లో అమ్మారు. పంచదార ఎక్కువైతే పేగులోకి నీరు లాగేసి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది. జులైలో, ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని కింద రాస్తే వాడుకోవచ్చని సడలించింది. ఎండాకాలం అర్ధరాత్రి ఏడుస్తున్న పిల్లని చంకన వేసుకుని మందుల షాపుకి పరిగెత్తే తల్లి ఆ చిన్న రాత చదువుతుందా? చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు పేరుకి ముందైనా వెనకైనా ఆ మాట తగిలించకూడదు. అసలు ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ పీహెచ్‌సీలో ఉచితంగానే ఇస్తారు.

మనం రోజూ అనే ‘మినరల్ వాటర్’ కూడా అలాంటి పేరే. ఉప్పునీళ్లు, చెరువుల మురుగు వల్ల డెల్టాలో చాలా ఊళ్లు 20 లీటర్ల టిన్నుల మీద బతుకుతున్నాయి. చట్టం ప్రకారం మినరల్ వాటర్ అంటే భూమిలోంచి సహజంగా ఖనిజాలతో వచ్చే నీరు, దానికి వేరే ప్రమాణం ఉంది. ఆర్‌వో ప్లాంటు చేసేది సరిగ్గా తిరగేసిన పని, ఖనిజాల్ని తీసేయడం. సీలు, లైసెన్సు నంబరు, తేదీ లేని టిన్నులో నీళ్లు ఎవరు పట్టారో, టిన్ను ఎప్పుడు కడిగారో చెప్పే మాట ఒక్కటీ లేదు. మనం తాగేవాటిలో అన్నిటికంటే ఎక్కువ తాగేది దాన్నే.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఉన్న నేల కాబట్టి కొబ్బరినూనె గురించీ ఒక మాట. చిన్న సీసాలో అమ్మే కొబ్బరినూనె తలకా, కూరకా అన్న వాదన పన్నుల వాళ్లకీ కంపెనీలకీ మధ్య ఏళ్లపాటు నడిచింది. వంటనూనె అయితే అప్పట్లో 5 శాతం, తలనూనె అయితే 18 శాతం పన్ను. 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తేల్చింది: సీసా చిన్నదైనంత మాత్రాన అది తలనూనె అయిపోదు, ప్యాకింగ్, లేబుల్ దాన్ని దేనిగా అమ్ముతున్నాయో చూడాలి. కొనేవాళ్లకి గుర్తు తేలిక. సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటే అది తినడానికి అమ్మిన నూనె.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండ బోర్లించి రేకు తీసే ఆ చేతులకి రావాల్సిన గౌరవమే అది. ఆ గుర్తు అవి ఎక్కడివో, ఏ పద్ధతిలో చేసినవో చెప్తుంది. పెట్టెలో నెయ్యి తాజాదా కాదా అన్నది దాని పని కాదు, అది తేదీ చూసి తెలుసుకోవాలి. అలాగే ‘హోమ్‌మేడ్’, ‘ఇంటి వంట’ లాంటి మాటల్ని జనం పొరబడేలా లేబుల్ మీద వాడకూడదని 2018 నియమాలు చెప్తున్నాయి. నిజంగా ఇంట్లో చేసే అత్తయ్య లాంటివాళ్ల పేరుని ఫ్యాక్టరీలు వాడుకోకుండా ఆ రూలు కాపాడాలి. ఆన్‌లైన్‌లో చూస్తే అంతగా కాపాడుతున్నట్టు లేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది భాష. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉండాలని నియమం. ఇంకో భాష కావాలంటే అదనంగా వేసుకోవచ్చు, వెయ్యక్కర్లేదు. అంటే నరసాపురంలో తయారై, నరసాపురంలోనే అమ్ముడయ్యే ప్యాకెట్ మీద ఒక్క తెలుగు అక్షరం లేకపోయినా చట్టానికి అభ్యంతరం లేదు. సబ్బు పేరు, బిస్కెట్ పేరు మాత్రం తెలుగులో టీవీ నిండా వినపడతాయి. అమ్మడానికి తెలుగు కావాలి, హెచ్చరించడానికి అక్కర్లేదా? రొయ్యలు పడని మనవడికి అన్నం పెట్టే అమ్మమ్మకి రొయ్యలు, పీతల్ని కలిపి చెప్పే క్రస్టేషియన్ అన్న ఇంగ్లీషు మాట ఎలా తెలుస్తుంది? కనీసం మూడు సంగతులు, అంటే గడువు తేదీ, పడనివాటి చిట్టా, ఎలా నిల్వ ఉంచాలన్నది, ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ భాషలో ఉండి తీరాలి. ఇది పెద్ద కోరిక అని నేననుకోను.

తేడా వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? చట్టం తప్పుల్ని మూడు రకాలుగా చూస్తుంది. నాసిరకానికి 5 లక్షల దాకా, తప్పుడు లేబుల్‌కి 3 లక్షల దాకా జరిమానా. వీటిని జాయింట్ కలెక్టర్ స్థాయి అధికారి తేలుస్తారు. ప్రమాదకరమైన తిండి అయితే కోర్టు, జైలు. ప్రాణం పోతే ఏడేళ్లకి తక్కువ కాకుండా యావజ్జీవం దాకా శిక్ష ఉంది. మోసపుచ్చే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ శాంపిల్ తీస్తే నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకి వెళ్తుంది, ఆయన 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. మిగతావి తరవాత వివాదం వస్తే మళ్లీ పరీక్షించడానికి. ఆ రిపోర్టు మీద వ్యాపారి కూడా అప్పీలుకి వెళ్లొచ్చు.

కొన్నవాళ్లకే ఒక హక్కు ఉందని చాలామందికి తెలియదు. చట్టంలో 40వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే తాము కొన్న వస్తువుని రుసుము కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే "ఇది పరీక్షకి పంపిస్తాను" అని కొట్టువాడితో చెప్పాలి. తప్పు తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. అంత దూరం వెళ్లలేకపోతే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. ఏది చేసినా కవరు పారెయ్యకండి, బిల్లు పారెయ్యకండి. బ్యాచ్ నంబరు ఉన్న ముక్క చించేస్తే ఎంత మంచి ఫిర్యాదైనా అక్కడే ఆగిపోతుంది.

మా 500 లేబుళ్లూ చించేశాం. ఈసారి నేనే కూర్చుని రాశాను. గోధుమరంగు త్రిభుజం పెట్టాను. పదార్థాల్లో మొదట రొయ్యలు, తరవాత వేరుశెనగ నూనె, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి, మసాలా. వెనక ఇంగ్లీషుతో పాటు, ముందువైపే తెలుగులో పెద్దక్షరాలతో ‘ఇందులో రొయ్యలు, వేరుశెనగ నూనె ఉన్నాయి. పడనివారు తినకండి’ అని వేయించాను. కొత్త లేబుళ్లు తీసుకుని వెళ్లేసరికి వసారాలో ముప్పై సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ తెలుగు వాక్యం వేలు పెట్టి చదువుకుంది. రెండోసారి కూడా చదివింది.

"వేరుశెనగ నూనె అని వేశావేంట్రా? ఈ వాయికి గానుగ నుంచి పప్పునూనె తెప్పించాను కదా."

"ఈ ఒక్కసారికి ఏం కాదులే అత్తయ్యా" అన్నాను.

ఆవిడ లేబుళ్ల కట్ట నా చేతిలో పెట్టి, సీసాలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అలమరాలో సర్దడం మొదలుపెట్టింది. "సరైనవి వచ్చాక పంపుదాం. వాళ్లకి ఫోన్ చేసి రెండు రోజులు ఆలస్యమవుతుందని చెప్పు."